ఎనిమిదో తల్లె

కోసాడ్, సూరత్
12 జూన్ 2025

లస్మయ్యకు మీ బావ సోమలింగం రాస్తున్నది. చదవకుండా చింపేయకు, ఇందులో మీ అక్క సంగతి ఉంది.

లింగవ్వకు మోకాలి ఆపరేషన్ అయింది. బాగానే ఉంది. మంచం మీద కూర్చొని ఇంటిల్లిపాదికీ ఆజ్ఞలు జారీ చేస్తోంది. నాకైతే ఇబ్బంది లేదు. నలభై ఏళ్లు మరమగ్గాల సాంచెల చప్పుడులో బతికి నా రెండు చెవులూ కార్ఖానాకే ఇచ్చేశాను కదా, ఆమె పెదవులు కదలడం ఒక్కటే కనిపిస్తుంది. నీకు ఫోన్ చేయకుండా ఈ ఉత్తరం రాయడం కూడా అందుకే.

డాక్టరు ఆరు నెలల దాకా దూర ప్రయాణం వద్దన్నాడు. అంటే ఈ ఏడు రాఖీ పున్నానికి ఆమె కోరుట్లకు రావడం కుదరదు. ఇన్నేళ్లూ తనే వచ్చి కట్టి వెళ్లేది. ఈసారి నువ్వే రావాలి. ఆగస్టు తొమ్మిది, శనివారం. "నా తమ్ముడు ఒక్కసారన్న నా ఇంటి గడప తొక్కుతడా అడుగు" అని మా మనవరాలు సంతోషితో చీటీ రాయించి నా ముందు పెట్టింది. ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆమె అడిగింది ఇదొక్కటే.

ఇంకో విశేషం. వాకర్ పెట్టుకోవడానికి మంచం కింద జాగా చేస్తుంటే మన పాత ట్రంకు పెట్టె బయటపడింది. డిటెక్టివ్ జలంధర్ నవలలు పదిహేడు ఉన్నాయి. చెదలకు కూడా రెండింటి మీదే మనసైంది. మళ్లీ మొదటి నుంచి చదువుతున్నాను. లస్మయ్యా, మే నెలలో రెయిన్ కోటు వేసుకొని హైదరాబాదులో తిరిగే మనిషిని మనం తెలివైనవాడని ఎట్లా నమ్మాం? చుట్ట బూడిద చూసి హంతకుడికి ఎడమ కాలు పొట్టి అంటాడు. అసిస్టెంటు చలపతి నోరు తెరుస్తాడు. మనమూ తెరిచాం.

నేను చదువుతుంటే సంతోషి చూసి, "తాతా, ఈయనకు ఫోన్ల బహుత్ ఫ్యాన్స్ ఉన్నరు" అని చీటీ రాసి ఒక యాప్ చూపించింది. జనం జలంధర్ కథలను మళ్లీ తమకు తోచినట్టు రాస్తున్నారు. ఒకాయన జలంధర్‌ను దయ్యం చేశాడు. ఒకామె హంతకురాలికిచ్చి పెళ్లి చేసింది. అన్నిటికంటే బాగా రాసేది 'ఎనిమిదో తల్లె' అని కంచం పేరు పెట్టుకున్న ఎవరో. ఆ కథల్లో జలంధర్ పైపు కాల్చుకుంటూ కూర్చుంటాడు, కేసు మాత్రం వంటమనిషి లచ్చవ్వ తేలుస్తుంది. అసలు నవలల్లో వంటమనిషికి పేరు కూడా లేదు, శవాన్ని చూసి కెవ్వుమనడానికే వస్తుంది. నువ్వూ చదువు, కడుపుబ్బ నవ్వుతావు.

జలంధర్ మీద నమ్మకం పోయి, నీ మీద ఇంకా కొంచెం మిగిలిన
మీ బావ


కోరుట్ల
20 జూన్ 2025

బావకు,

అక్క మోకాలు కుదుటపడ్డందుకు సంతోషం. మిగతా విషయానికి జవాబు: రాను.

ఎందుకో నీకు తెలియనట్టు రాశావు కనుక గుర్తు చేస్తున్నాను. సూరత్ లింబాయత్‌లో అప్పుడు మనవి రెండు గదులు. ముందు గదిలో అక్క వంట, మెస్సు. వెనుక గదిలో మనిద్దరం. నీది రాత్రి పాళి, నాది పగటి పాళి. ఒక పరుపు, ఒక దుప్పటి, ఒక పుస్తకం. నేను లేచిన చోట వెచ్చదనం ఆరకముందే నువ్వు పడుకునేవాడివి. ఇద్దరం ఒకేసారి మేలుకొని ఉండేది కరెంటు లేక కార్ఖానాకు సెలవిచ్చిన రోజున మాత్రమే. మన మాటలన్నీ పుస్తకాల అంచుల మీదే నడిచాయి. "బావా, ఈ సెక్రటరీ మీద ఓ కన్నెయ్యి" అని నేను. "సెక్రటరీ కాదు, వితంతువు. నూనె అయిపోయిందట, తేవాలె" అని నువ్వు.

ఆ తర్వాత 1994లో ఊరి నుంచి 'గడియారంలో గాజుకన్ను' తెప్పించాను. మూడు నెలలు ఎదురుచూసి తెప్పించిన పుస్తకం. మొదటి రాత్రి ఇరవై పేజీలు చదివి దిండు కింద పెట్టి పడుకున్నాను, పొద్దున లేచి పనికి పోయాను. సాయంత్రం వచ్చి తెరిస్తే మొదటి పేజీలో, బట్ట మీద గుర్తులు పెట్టే నీలం పెన్సిల్‌తో, "హంతకుడు డాక్టరు" అని రాసి ఉంది. నీ చేతిరాత దొరక్కుండా అచ్చు అక్షరాల్లా దిద్ది మరీ రాశావు. నేను లేనప్పుడు ఆ గదిలో ఉండేది నువ్వొక్కడివే. దీనికి జలంధర్ అక్కర్లేదు.

ఆ నెలలోనే ప్లేగు వచ్చింది. జనమంతా రోగానికి భయపడి బండెక్కారు. నేను నీ మీద కోపంతో ఎక్కాను. ఆ పుస్తకం ఈ రోజుకీ చదవలేదు. "అవును, నేనే రాశాను" అని రాసి పంపు, అప్పుడు రాఖీ సంగతి ఆలోచిస్తాను. అక్కకు చెప్పు, నా కోపం ఆమె మీద కాదని.

యాప్ దింపుకున్నాను. నిన్ను మెచ్చుకోవడానికి కాదు, మిషన్ మీద జాకెట్లు కుట్టీ కుట్టీ మెడ పట్టినప్పుడు చూడటానికి.

లస్మయ్య, టైలర్


కోసాడ్
28 జూన్ 2025

లస్మయ్యా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి కాసేపు గోడ వైపు చూస్తూ కూర్చున్నాను. వానలకు గోడంతా చెమ్మ, చూడటానికి బాగానే ఉంది.

నేను రాయలేదు. నేను పొద్దున వచ్చి పుస్తకం తెరిచేసరికే ఆ రాత ఉంది. ముందు రోజు నువ్వు చదివి పెట్టావు కదా, నువ్వే రాశావని అనుకున్నాను. నీ దృష్టిలో అప్పుడు ఆ గదిలో ఉన్నది నేను, నా దృష్టిలో నువ్వు. "వీడికి చిన్నతనం పోలేదు, పోనీ" అని ముప్పై ఒక్క ఏళ్లుగా నిన్ను క్షమిస్తూ వచ్చాను. ఆ క్షమించడమంతా దండగైంది. నేను కూడా ఒళ్లు మండి ఆ పుస్తకాన్ని అప్పుడే పెట్టెలో పడేశాను.

మొన్న మాత్రం తీసి పూర్తిగా చదివాను. ఇప్పుడు కుర్చీలో గట్టిగా కూర్చొని విను. హంతకుడు డాక్టరు కాదు.

డాక్టరు పాపం రెండు ఇంజెక్షన్లు ఇచ్చి ఇంటికి పోతాడు. అసలు హంతకుడు ఎవరో నీకు, నాకు ఎప్పటికీ తట్టదు. ఎవరో చెప్పను. ఆగస్టు తొమ్మిదిన వచ్చి అక్కతో రాఖీ కట్టించుకో, చెవిలో చెబుతాను. నా చెవులు పోయాయి గాని నీవి ఉన్నాయిగా.

లింగవ్వ ఇప్పుడు గోడ పట్టుకొని నాలుగడుగులు వేస్తోంది. మిగతా పొద్దంతా మంచం మీదే, ఫోన్ నోటి దగ్గర పెట్టుకొని ఏదో గొణుగుతూ ఉంటుంది. ఏంటని సైగ చేస్తే చేతులు జోడించి చూపించింది. భజనలు పాడుకుంటోంది. చదువు లేకున్నా దేవుడి మీద భక్తి ఉంది, అది నీకూ నాకూ లేదు.

ఏ తప్పూ చేయని
మీ బావ


కోరుట్ల
6 జూలై 2025

బావకు,

డాక్టరు కాదా?

నీకు తెలుసో లేదో, ఆ రాత చదివిన నాటి నుంచి డాక్టర్లంటేనే నాకు గురి కుదరలేదు. బీపీ గోలీలు రాసిస్తే ఆయన కళ్లలోకి చూసి వచ్చేశాను. పళ్ల డాక్టరు దగ్గర నోరు తెరవలేదు, పన్ను నేనే పీక్కున్నాను. ఇప్పుడొచ్చి డాక్టరు కాదంటావా? పుస్తకం స్పీడ్ పోస్టులో పంపు. నువ్వు చెవిలో చెప్పక్కర్లేదు.

ఇక ఆ ఎనిమిదో తల్లె. ఒప్పుకుంటున్నాను, అన్నీ చదివాను. లచ్చవ్వ బియ్యంలో రాళ్లు ఏరుతూ నగల దొంగను పట్టిన కథ రెండుసార్లు చదివాను. వడ్డించేటప్పుడు ఎవరి చెయ్యి వణుకుతుందో చూసి విషం పెట్టినవాడిని చెబుతుంది, జలంధర్ ఇంకో గరిటె పప్పు అడుగుతాడు. అక్కడ నవ్వి సూది వేలికి గుచ్చుకున్నాను.

అయితే నిన్న కొత్త కథ పెట్టారు. 'గాజుకన్ను'నే తిరగరాశారు. అది జరిగేది హైదరాబాదు బంగళాలో కాదు, సూరత్‌లో రెండు గదుల్లో. అందులో ఇద్దరు బావాబామ్మర్దులు. ఒకడిది పగటి పాళి, ఒకడిది రాత్రి పాళి. ఒకే పరుపు. "ఇద్దరికి కలిపి ఒక మెదడు, అదీ పాళీల మీద పనిచేసేది" అని రాశారు.

బావా, ఇది నువ్వు కాక ఇంకెవరు రాస్తారు? లింబాయత్ గదిలో పరుపు సంగతి ప్రపంచంలో ఎవరికి తెలుసు? ఒక రాత రాసి ముప్పై ఏళ్లు దాచావు, ఇప్పుడు అదే రాతను ఊరందరికీ చదివిస్తున్నావు. రాఖీకి పిలిచి, వెనక నుంచి నన్ను మూర్ఖుణ్ని చేస్తున్నావు. ఇక పుస్తకం కూడా పంపకు.

లస్మయ్య


కోసాడ్
14 జూలై 2025

లస్మయ్యా,

నాకు ఫోన్లో అక్షరం తడుముకోవడానికే అరగంట పడుతుంది. కథ రాయాలంటే ఇంకో జన్మ కావాలి.

అయినా ఆ కథ నేనూ చదివాను. చదివి నువ్వే రాశావని తేల్చుకున్నాను. ఎందుకంటావా? ఆ కథలో హంతకుడు డాక్టరు. అసలు పుస్తకం పూర్తిగా చదివినవాడెవడూ అలా రాయడు. డాక్టరే అని నమ్మి ముప్పై ఒక్క ఏళ్లు పన్నునొప్పి భరించినవాడు రాస్తాడు. జలంధర్ అయితే ఇక్కడ పైపు తీసి "కేసు ముగిసింది" అనేవాడు.

ఇంకో సాక్ష్యం. ఆ కథలో పగటి పాళీవాడు ఉడికిన కోడిగుడ్డు దిండు కింద దాచుకొని, వెలుగు పోయాక తింటాడు. నీ గుడ్ల సంగతి నాకు ఈ కథలోనే తెలిసింది. మెస్సులో మనిషికి ఒక గుడ్డు, నువ్వు రెండు తిన్నావా? అందుకేనా నా దిండుకు ఆ వాసన? నీ పాపం నువ్వే రాసుకొని నన్నంటావేం?

సంతోషిని అడిగాను, ఈ తల్లె ఎవరో కనిపెట్టే ఉపాయం ఉందా అని. పొట్ట పట్టుకొని నవ్వి నవ్వి, "తాతా, తుమ్ తో సచ్‌ముచ్ జలంధర్" అని చీటీ రాసిచ్చింది, నేను నిజంగా జలంధర్‌నేనట. ఈ కాలం పిల్లలకు పెద్దలంటే గౌరవం లేదు.

ఇదంతా పక్కన పెట్టు. లింగవ్వ రాఖీ కొనిపించింది. ఎర్ర దారం, మధ్యలో చిన్న నూలు కండె బొమ్మ. దాన్ని దిండు పక్కన పెట్టుకుంది. నువ్వు రానంటున్నావని ఇంకా చెప్పలేదు. చెప్పే ధైర్యం నాకు లేదు లస్మయ్యా.

మీ బావ


కోరుట్ల
22 జూలై 2025

బావకు,

గుడ్డు సంగతి నిజం. ఒప్పుకుంటున్నాను. అది నేను దొంగిలించింది కాదు. అక్కే నా అన్నం కింద దాచి పెట్టేది, ఎవరూ చూడకుండా. నేను దాన్ని గదిలోకి తెచ్చుకునేవాడిని. చిన్న తమ్ముడినని పెట్టేది.

కానీ నేను రాయలేదు. గుడ్డు సంగతి నీకు తెలియదంటున్నావు. అంటే నువ్వూ రాయలేదు. నిన్నంతా ఒక జాకెట్‌కు చేతులు తిరగేసి కుట్టాను ఈ ఆలోచనతో.

ఆ పేరు పట్టుకొని చూశాను. మెస్సులో తిన్నది ఏడుగురం. నువ్వు, నేను, కింది గదిలోని ఐదుగురు. ఏడు తల్లెలు కడిగి గోడకు బోర్లించి ఉండేవి, నాకు బాగా గుర్తు. మరి ఎనిమిదో తల్లె ఎవరిది? మన కార్ఖానాలో పనిచేసిన మొండయ్య అప్పుడప్పుడు తినిపోయేవాడు, వాడేనా? వాడు పోయి పన్నెండేళ్లయింది. పోయినవాడు యాప్‌లో రాస్తున్నాడా? జలంధర్‌ను దయ్యం చేసిన కథ వాడిదేనేమో.

ఒక పని చెయ్యి. అక్కను అడుగు, ఎనిమిదో తల్లె ఎవరికి పెట్టేదో. చదువు రాకున్నా ఆమెకు లెక్క తప్పదు. ఆ మనిషి పేరు రాసి పంపు. వాడెవడో తేలిందాకా నేను సూరత్‌కు రాను. ముప్పై ఏళ్ల కోపం, దానికి ఒక మనిషి కావాలి కదా.

లస్మయ్య


కోసాడ్
29 జూలై 2025

లస్మయ్యా,

ఈ ఉత్తరం నిలబడి చదవకు.

నువ్వు చెప్పినట్టే అడిగాను. పొద్దున చాయ్ తాగుతూ, మంచం మీద ఉన్న లింగవ్వకు నీ ప్రశ్న రాసిన చీటీ చూపించి సంతోషిని పిలవబోయాను, చదివి వినిపించి జవాబు రాసివ్వడానికి. లింగవ్వ ఆ చీటీ నా చేతిలోంచి తీసుకుంది. తనే చదివింది. తర్వాత నా జేబులో పెన్ను లాక్కొని దాని కిందే రాసింది. అచ్చులో ఉన్నట్టు, ఒక్కో అక్షరం విడివిడిగా, దిద్దినట్టు:

"నాది."

నీలం పెన్సిల్ రాత నాకు కళ్ల ముందు ఆడింది. అదే అచ్చు రాత. అదే దీర్ఘం. చాయ్ లుంగీ మీద ఒలికింది.

తర్వాత ఆమె ఆగకుండా నాలుగు కాగితాలు నింపింది. ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను, నీకు ఆమె గొంతు వినబడుతుంది.

"కిరాణా పొట్లం కాయితాలు చూసి అచ్చరాలు నేర్చిన. మీ పుస్తకాలు చూసి చదువుడు నేర్చిన. అందుకే నాకు అచ్చు రాతే వస్తది. ఒకలు పొద్దున పోతరు, ఇంకొకలు నిద్ర పోతరు. నడుమ పుస్తకం నాది. పదిహేడు పుస్తకాలు మీ కంటే ముందే చదివిన. బ్యాంకుల సిరా డబ్బ ముందర పెట్టిండ్రు, ఏలు ముద్ర ఏసిన. సంతకం వస్తదా అని అడుగలే.

ఆ గాజుకన్ను పుస్తకం తమ్ముడు పండుకున్నంక తీసి తెల్లారేదాక చదివిన, ఆఖరికి చంపింది వంటామె. ఇరువై ఏండ్లు వండి పెట్టిందట, తిన్నవా అని ఒక్కలు అడుగలేదట, అందుకే చంపిందట. అది చదివి నేను పొయ్యి ముంగట కూసొని ఏడ్సిన. అన్ని పుస్తకాలల్ల ఆమెకు పేరే లేదు, ఒక్క పుస్తకంల నిలవడితే హంతకురాలిని చేసిండ్రు. మీరిద్దరు చదివి, లింగి పప్పుతోని పైలం అని నవ్వుతరు. నాకు పానం ఒప్పలే. అందుకే డాక్టరు అని రాసి ఆమెను ఇడిపిచ్చిన.

ఎవలు రాసిండ్రని అడుగుతరు, అప్పుడు చెప్పుదామనుకున్న. మీరు ఒకని మీద ఒకలు అలిగిండ్రు. ముప్పై ఏండ్లల్ల నన్ను ఒక్కలన్న అడిగిర్రా? ఏడుగురికి పెట్టినంక అన్నం గంజుల మిగిలితే నా తల్లె. శానా దినాలు మిగులలే."

ఇక కథలు ఎట్లా రాస్తున్నావని అడిగాను. ఫోన్‌కు నోటితో చెబితే అదే రాసుకుంటుందట, సంతోషి నేర్పించింది. "నీ పక్కన కూసోనే చెప్పిన. నీకు ఇనరాదు గద" అని రాసి, అప్పుడు నవ్వింది. నేను భజనలనుకున్నది హత్యలు లస్మయ్యా. నెల రోజులు నా పక్కనే పదకొండు మందిని చంపించింది, నేను చాయ్ తాగుతూ కూర్చున్నాను.

నాకు సిగ్గుగా ఉంది. జలంధర్‌కు తెలివి లేదని నీకు రాసిన చెయ్యి ఇదే.

ఇప్పుడు నీకు హంతకుడెవరో తెలిసిపోయింది. నీకు ఎర వేయడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. కోపానికి ఒక మనిషి కావాలన్నావు, ఆమె పేరు కూడా చెప్పేశాను. నువ్వు రానంటున్నావని ఈ రోజే ఆమెకు చెప్పాను. రాఖీ తీసి దిండు కింద పెట్టింది. వస్తావా రావా, నీ ఇష్టం.

సోమలింగం


కోరుట్ల
4 ఆగస్టు 2025

అక్కా,

ఈ ఉత్తరం నీకు. బావకు చూపియ్యకు. ఇన్నేండ్లల్ల నీ పేరు మీద ఉత్తరం రాసుడు ఇదే మొదలు. నీకు చదువు రాదని నేనే తీర్మానం చేసుకున్న గద. బావకు పుస్తకాల తెలుగు రాస్త, అది మా ఇద్దరి యాక్టింగు. నీకట్ల రాయబుద్ధి అయితలేదు.

నేను శానా సేపు మిషన్ మీద తలకాయ పెట్టుకొని కూసున్న. గుడ్డు యాదికొచ్చింది. మనిషికి ఒక్క గుడ్డు లెక్క. నా అన్నం కింద రెండోది ఎక్కడికెళ్లి వచ్చిందని నేను ఏనాడు సోచాయించలే. అది నీదేనా అక్కా? నీదే అయ్యుంటది. దిండు కింద పెట్టుకొని తిన్న, తిని నీ మొగనితోని కొట్లాడిన.

నా కోపానికి మనిషి కావాలె అన్న. దొరికిండు. వాని అద్దంల చూసిన, నెత్తి మీద ఎంటికలు కూడ లెవ్వు.

నీ కథలు మళ్లా మొదటిసంది చదివిన. లచ్చవ్వ మస్తుంది. కాని ఒక్క కథల కూడ ఆమె తిన్నట్టు రాయలే నువ్వు. రాఖీ నాటికి ఒకటి రాయి, లచ్చవ్వ కాలు మీద కాలేసుకొని తింటది, జలంధర్ వడ్డిస్తడు, చలపతి తల్లెలు కడుగుతడు. జలంధర్‌కు రెయిన్ కోటు ఉండనీ, పప్పు మీద పడితే అక్కరకొస్తది.

ఎల్లుండి బస్సుకు సీటు తీసుకున్న. ఈ ఉత్తరం కంటే ముందు నేనే వచ్చినా వస్త. బీపీ డాక్టరు దగ్గరికి కూడ పోయిన, దండం పెట్టిన, ఎందుకు పెట్టిన్నో ఆయనకు సమజ్ కాలే.

తొమ్మిదో తారీకు పొయ్యి కాడికి రాకు. నేను, బావ వండుతం. ఎట్లయితదో తెల్వది, డాక్టరు నంబరు దగ్గర పెట్టుకో. మొదటి తల్లె నీది. రెండు గుడ్లు పెడత, మీద పెడత, అందరికి కనవడేటట్టు.

ముప్పై ఏండ్ల కింద అడుగవలసిన మాట, ఇప్పుడు అడుగుతున్న.

అక్కా, తిన్నవా?

నీ తమ్ముడు
లస్మయ్య